మధుమేహము - విరిగిన యెముక

(పంచాయతీ సభ్యుల సమావేశమున ఒక వైద్యుడు చేసిన ప్రసంగము)



గ్రామమున ఎవరికైనను కాలు విరిగినచో మొదటి కబురు మీకే వచ్చును. 108 బండిని పిలిపించువారును తరచుగా మీరే. అందుచేత ఈ విషయమును మీ యెదుట ప్రస్తావించుచున్నాను.

ఎముక విరిగినచోట ముందుగా నెత్తురు గడ్డకట్టును. పిమ్మట మెత్తని పదార్థ మేర్పడి రెండు కొనలను కలుపును. అదియే క్రమముగా గట్టిపడి యెముక యగును. మణికట్టు వద్ద విరిగినది సాధారణముగా 6 వారములకు అతుకును. మోకాలి క్రింది పెద్ద యెముకకు 3, 4 నెలలైనను పట్టును. మధుమేహము అదుపులో లేనివారికి ఈ పని మందగించును. నెత్తుటిలో చక్కెర హెచ్చి యున్నచో సన్నని రక్తనాళములు చెడును, ఎముకను కట్టు కణములు నీరసించును, గాయమున్నచో చీము పట్టును. కట్టు సరిగా వేయలేదని నిందించుటకు ముందు చక్కెర యెంత యున్నదో చూచుట న్యాయము.

ఇంతకంటె భయంకరమైన సంగతి వేరొకటి కలదు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారరుదు. తరతరములుగా కట్లు కట్టువారి నేర్పును నేను కాదనను. కాని పిండికట్టే కానిండు, బద్దల కట్టే కానిండు, మితిమించి బిగిసినచో మామూలు మనిషి బాధతో కేకలు వేయును. చిరకాలముగా మధుమేహమున్నవానికి పాదములలో స్పర్శ నశించి యుండవచ్చును. అతడు కేక వేయడు. "నొప్పి లేదండీ, హాయిగా నున్నది" అనును. ఇంటివారు సంతోషింతురు. లోపల రక్తప్రసారము నిలిచి వ్రేళ్ళు నల్లబడుచుండును. తుదకు కాలు తీసివేయవలసి వచ్చుటయు కలదు. కావున ఆ మాట నమ్మక, ఉదయ సాయంకాలములు వ్రేళ్ళ రంగు చూడవలెను, ముట్టి వెచ్చదనము చూడవలెను. అవి నీలమైనను, చల్లబడినను, బాగుగా ఉబ్బినను, తెల్లవారనిండని ఆగక ఆ రాత్రియే ఆసుపత్రికి చేర్చవలెను.

దెబ్బ తగిలిన జ్ఞాపకమే లేకుండ పాదము వాచి వేడెక్కినను అశ్రద్ధ తగదు. లోపల యెముకలు విరిగియుండవచ్చును. అట్టివారిని నడువనీయరాదు.

ఎముక విరిగిన దినముననే చక్కెర పరీక్ష చేయింపుడు. దెబ్బ వలన గూడ చక్కెర కొంత పెరుగును గనుక, తరువాత మరల చేయింపవలెను. ఇన్సులిన్ సూది మొదలిడినచో జీవితాంతము వదలదని భయపడువారు కలరు. ఎముక అతుకువరకు దానిని వాడి, పిదప వైద్యుని సలహాపై మాత్రలకు మరలినవారును కలరు. పథ్యము పేరిట పప్పు, గ్రుడ్డు, పాలు మాన్పించుట మన ఇండ్లలో పాత అలవాటు. ఎముక కట్టుకొనుటకు కావలసినవి అవియే. మాన్పింపవలసినది చుట్ట.

మీ ఆరోగ్య ఉపకేంద్రమున చక్కెర చూచు యంత్రము పనిచేయుచున్నదా, అందలి పట్టీలు నిండుకొనలేదు గదా, రేపే వెళ్ళి విచారింపుడు.