సముద్రముపై ధూళి - వాన సూచన



వాన సూచన తప్పినప్పుడు నష్టము మనది. నేలలో పడిన విత్తనము తిరిగి గాదెకు రాదు. సూచన తప్పుటకు కారణములు పెక్కు గలవు. అందొకటి మన పొలములకు వందల మైళ్ల దూరమున, అరేబియా సముద్రముపై తేలియాడు ధూళి. దానిని గూర్చి నేడు చెప్పదలచినాను.

వేసవిలోను, వానకారు తొలి దినములలోను అరేబియా ఎడారుల ధూళి గాలికి లేచి సముద్రము మీదికి వచ్చును. పొగ, మసి, కెరటముల నుండి చిందిన ఉప్పు రేణువులు దానికి తోడగును. వీనినన్నిటిని శాస్త్రజ్ఞులు ఏరోసాల్ అందురు. ఇవి ఎండను కొంత వెనుకకు మరలించును. కొంత పీల్చుకొని చుట్టునున్న గాలిని వేడిచేయును. మేఘములోని నీటి బిందువులకు ఇవియే విత్తులు. అరేబియా సముద్రముపై ధూళి హెచ్చిన వారము లోపల మధ్య భారతమున వాన పెరుగుచున్నట్లు 2014లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. ధూళి వలన గాలి వేడెక్కి, తేమగాలి మన దేశము వైపునకు బలముగా వీచుటయే కారణమని ఆ పరిశోధకుల అభిప్రాయము.

నడిసముద్రమున కొలత కేంద్రములు పెట్టుట కష్టము. ఆ పని ఉపగ్రహములు చేయును. 1999 డిసెంబరులో టెర్రాను, 2002 మే నెలలో ఆక్వాను అమెరికావారు మోడిస్ అను పరికరముతో పంపిరి. ఈ కొలత నేలపై కంటె సముద్రముపై సులభము. నల్లరేగడిపై చల్లిన సున్నము దూరమునకు కనబడును. తెల్లని చౌడుపై చల్లిన కనబడునా? పైనుండి చూచిన సముద్రము నల్లగానుండును. కావున దానిపై వెలుగు హెచ్చినచో ధూళి ఎంత గలదో లెక్కకట్టవచ్చును.

ఈ కొలతను సూచనలో ఎట్లు వాడుదురు? కంప్యూటరులోని గణిత నమూనా నిన్నటి లెక్కను బట్టి నేటి ధూళిని అంచనా వేయును. ఇది మన కంటి అంచనా వంటిది. ఉపగ్రహ కొలత పంటకోత ప్రయోగము వంటిది. కోత మడిలోను పొరపాటుండవచ్చును గదా! అందుచే రెండింటిని ఎంతెంత నమ్మవచ్చునో తూచి, అంచనాను సరిదిద్ది, అచ్చట నుండి రేపటి లెక్క మొదలిడుదురు. యూరపులో కోపర్నికస్ వారి ధూళి సూచనలు ఈ విధముగనే తయారగును.

అయితే మేఘము క్రింది ధూళి మోడిస్‌కు కనబడదు. నీటిపై సూర్యుడు తళతళలాడు చోట కొలత పనికిరాదు. మొత్తము ధూళి తెలియును గాని అది ఏ ఎత్తున నున్నదో సరిగా తెలియదు. పైగా మనకు సూచన మిక్కిలి అవసరమైన ఋతుపవన కాలముననే మబ్బులు దట్టము. ధూళి కొలిచినంత మాత్రాన ప్రతి సూచనయు నిజమగునని ఎవరైన చెప్పిన నమ్మకుడు. రేపటి సూచనకు, ఐదవనాటి సూచనకు ఒకే విలువ ఈయకుడు. మెట్ట పొలమున పదును జానెడు లోతు దిగినదో లేదో గుంట త్రవ్వి చూచిన పిదపనే గొర్రు కట్టుడు.