మన రాతకు అడంగల్ ఎవరు రాయాలి?

(అంబేద్కర్ జయంతి నాడు మా మండలంలో యువజనులు, కార్యకర్తలు కలిసి జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిపంతుళ్ళం. మా ఇళ్ళలో మాకంటే ముందు డిగ్రీ చదివినోళ్ళు లేరు. మా అమ్మలు వేలిముద్ర వేసి మమ్మల్ని బళ్ళో చేర్పించారు. అందుకని కాగితం విలువ ఏందో మాకు తెలుసు. ఇవాళ కాగితం గురించే మాట్లాడదామని వచ్చాం.

మా పేటలో ఒక తాత ఉండేవాడు. పగలు చెప్పులు కుట్టేవాడు, రాత్రి బుడ్డి దీపం ముందు కూచొని కథలు రాసేవాడు. రాసినవాటిని చిన్న పత్రికలకు పోస్టులో పంపేవాడు. కొన్ని అచ్చయ్యాయి, కొన్ని తిరిగొచ్చాయి. ఆయన పోయాక ఇల్లు కప్పు మార్చేటప్పుడు రేకు పెట్టెలో ఉన్న పత్రికలన్నీ పాత కాగితాల వాడికి తూకానికి పోయాయి. ఇంట్లోవాళ్ళది తప్పని మేము అనం. చదువు రాని ఇంట్లో ఆ కాగితానికి అదే ధర.

తర్వాత కొన్నేళ్ళకు ఒకచోట మన ప్రాంత కథకుల జాబితా వేశారు. అందులో తాత పేరు లేదు. మేము పోయి అడిగాం. "ఆయన కథకుడనడానికి ఆధారం ఏది?" అన్నారు. మాకు కోపం వచ్చింది. బయటికొచ్చి కులం పేరు చెప్పి తిట్టుకున్నాం కూడా. అయితే రాత్రి పడుకున్నాక ఆ ప్రశ్నే గుచ్చింది. మా దగ్గర ఆధారం ఏముంది? ఒక్క పత్రిక కూడా లేదు. ఏ కథ ఏ సంవత్సరంలో వచ్చిందో చెప్పలేం. వాళ్ళు రాయలేదు సరే, మేము మాత్రం ఎప్పుడు రాసుకున్నాం?

భూమి సంగతి మీకు చెప్పే పని లేదు. తాతల కాలం నుంచి దున్నుతున్నా అడంగల్‌లో పేరు లేకపోతే ఆ చెక్క మనది కాదంటారు. సాగు మనది, పేరు ఇంకొకడిది. సాహిత్యంలోనూ అంతే. రాసింది మనవాడే అయినా, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎక్కడ అచ్చయింది అన్న మూడు ముక్కలు ఎక్కడా నమోదు కాకపోతే, యాభై ఏళ్ళ తర్వాత "దళితులు అప్పట్లో రాయలేదు" అని ఒక పెద్దమనిషి పుస్తకంలో రాస్తాడు. మన పిల్లలే దాన్ని పరీక్షలో జవాబుగా రాస్తారు.

ఈ బాధతో వెతుకుతుంటే మాకు ఒక నల్లజాతి ఆడమనిషి కనబడింది. పేరు ఆక్టేవియా బట్లర్. 1947లో అమెరికాలోని పాసడీనాలో పుట్టింది. తండ్రి బూట్లు పాలిష్ చేసేవాడు, ఆమె చిన్నతనంలోనే పోయాడు. తల్లి తెల్లోళ్ళ ఇళ్ళల్లో పాచిపని చేసేది. తల్లి వెంట పోయిన పిల్ల, తల్లి దొడ్డిదారిన లోపలికి పోవడం కళ్ళారా చూసింది. ఈ దొడ్డిదారి మనకు కొత్తదా? ఆ పిల్లకు అక్షరాలు తడబడేవి, నలుగురిలో మాట్లాడాలంటే సిగ్గు. అయినా తల్లి ఆమెకు పదేళ్ళప్పుడు టైపు మిషను కొనిచ్చింది. ఆమె పెద్దయ్యాక అంట్లు తోమింది, ఆలుగడ్డ చిప్స్ ఏరే పని చేసింది. తెల్లవారుజామున రెండింటికి లేచి రాసుకొని పనికి పోయేది. 1976 నుంచి 2005 దాకా పన్నెండు నవలలు తెచ్చింది. 2006లో చనిపోయింది.

ఆమె రాసినవి వైజ్ఞానిక కల్పనలు. అంటే రాబోయే కాలం, వేరే గ్రహాలు, కాలంలో వెనక్కి పోవడం, ఇట్లాంటి కథలు. ఇవి మనకెందుకని అనుకోవద్దు. 1979లో వచ్చిన 'కిండ్రెడ్' నవలలో 1976 నాటి నల్లజాతి యువతి ఉన్నట్టుండి బానిసల కాలానికి పోయి పడుతుంది. కొరడా దెబ్బ ఎట్లుంటదో తన ఒంటిమీదే తెలుసుకుంటుంది. చరిత్రను చదువుకోవడం వేరు, అనుభవించడం వేరు అని చెప్పడానికే ఆమె ఆ దారి పట్టింది.

ఈమె రాసిన ప్రతి ముక్క లెక్క ఇంటర్నెట్‌లో ఒకచోట ఉంది. దాని పేరు ఇంటర్నెట్ స్పెక్యులేటివ్ ఫిక్షన్ డేటాబేస్. 1995లో మొదలైంది. సర్కారుది కాదు, కంపెనీదీ కాదు. జీతం లేకుండా పాఠకులే రాసే పెద్ద రిజిస్టరు. ఎవరైనా పేరు నమోదు చేసుకొని వివరం పంపొచ్చు. అనుభవమున్న ఇంకొకరు దాన్ని చూసి, సరిగా ఉంటేనే లోపలికి ఎక్కిస్తారు. పుస్తకం చేతిలో పెట్టుకొని సరిచూసినవాళ్ళు "నేను చూశాను" అని తమ పేరు పెడతారు. విన్నమాటకు, చూసినమాటకు అక్కడ తేడా తెలుస్తుంది.

బట్లర్ లెక్క చూస్తే మాకు నాలుగు పాఠాలు దొరికాయి.

మొదటిది, కథ వేరు, అచ్చు వేరు. ఒక్క నవల పదిసార్లు అచ్చయితే పది నవలలు కావు. బట్లర్ 1987, 88, 89లలో వరసగా 'డాన్', 'అడల్ట్‌హుడ్ రైట్స్', 'ఇమాగో' రాసింది. 2000లో ఆ మూడింటినీ ఒకే బైండులో 'లిలిత్స్ బ్రూడ్' పేరుతో వేశారు. తెలియనివాడు నాలుగు నవలలంటాడు. రిజిస్టరు మాత్రం రచన మూడేనని, ఇది వాటి కొత్త కూర్పని చెబుతుంది. మన పాటల పుస్తకాల్లో ఈ చిక్కే ఉంది. ఒకే పాట ఐదు సంకలనాల్లో ఐదు పేర్లతో ఉంటుంది.

రెండోది, అచ్చుకాని దాన్నీ, రాసినవాళ్ళు వద్దనుకున్నదాన్నీ దాచిపెట్టకూడదు. 1978లో వచ్చిన 'సర్వైవర్' నవల ఆమెకే నచ్చలేదు, మళ్ళీ అచ్చు వేయనివ్వలేదు. అయినా లెక్కలో ఉంది, ఎందుకంటే అది జరిగింది. 'చైల్డ్‌ఫైండర్' అనే కథను ఆమె పడుచుతనంలోనే ఒక సంకలనానికి అమ్మింది. ఆ సంకలనం ఆమె బతికుండగా రానేలేదు. కథ 2014లో, ఆమె పోయిన ఎనిమిదేళ్ళకు వెలుగు చూసింది. తేదీ ఒక్కటే చూస్తే చచ్చిపోయినాక రాసిందా అనిపిస్తుంది. అందుకే తేదీ పక్కన వివరం రాయాలి.

మూడోది, అట్ట కూడా సాక్ష్యమే. 'డాన్' నవలలో నాయిక లిలిత్ నల్లజాతి స్త్రీ. మొదట్లో వచ్చిన ముద్రణ అట్టమీద ఆమెను తెల్లమనిషిగా బొమ్మ వేశారు! లోపల నల్లమనిషి, బయట తెల్లతోలు. అట్టలు, అవి గీసినవాళ్ళ పేర్లు దాచి ఉంచితేనే ఈ మోసం రేపు చదివేవాళ్ళకు కనబడుతుంది.

నాలుగోది, పేరు. ఒకే మనిషి పది పేర్లతో అచ్చవుతారు. అన్నిటినీ ఒక పేరు కిందికి తెచ్చి, అచ్చులో ఏ పేరు ఉందో కూడా చెప్పాలి. ఇది మనకు అన్నిటికంటే ముఖ్యం. హైదరాబాదు రాజ్యంలో ఆది హిందూ ఉద్యమం నడిపిన భాగ్యరెడ్డి వర్మ పుట్టినప్పుడు మాదరి భాగయ్య. శివసాగర్ అన్నా, కె.జి. సత్యమూర్తి అన్నా ఒక్కరే. జాషువా పేరు ఇంగ్లీషులో ఒక్కోచోట ఒక్కో స్పెల్లింగుతో ఉంటుంది. యంత్రానికి మన జాషువా తెలియడు, అక్షరాలే తెలుసు. మూడు స్పెల్లింగులుంటే ముగ్గురు మనుషులనుకుంటుంది. కలిపి చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి మనలో ఎందుకు ఉండకూడదు?

నల్లజాతి వాళ్ళ సంగతి ఇక్కడెందుకని ఒక తమ్ముడు అడిగాడు. ఈ చుట్టరికం మేము కలిపింది కాదు. 1873లో ఫులే తన 'గులాంగిరీ'ని బానిసత్వాన్ని తీసేయడానికి పోరాడిన అమెరికా జనానికి అంకితం ఇచ్చాడు. 1946లో బాబాసాహెబ్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ ఆ పేరు పెట్టుకున్నది నల్ల పాంథర్లను చూసే. ఇప్పుడు వాళ్ళ లెక్కల పుస్తకం నుంచి ఒక పద్ధతి నేర్చుకుంటున్నాం, అంతే.

ఇంకో పెద్దాయన గట్టిగానే అడిగాడు: "బువ్వకు లేనోడికి జాబితా ఎందుకయ్యా? కారంచేడులో చంపినప్పుడు, చుండూరులో చంపినప్పుడు జాబితా అడ్డం వచ్చిందా?" రాలేదు. జాబితా కత్తిని ఆపదు. కానీ 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగాక ఊరూరా పుట్టిన పాట, కవిత, కరపత్రం ఏమయ్యాయి? కొన్ని సంకలనాల్లోకి ఎక్కాయి. ఎక్కనివి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. బాబాసాహెబ్ రచనలనే చూడండి. ఆయన 1956లో పోతే, మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన రచనలు, ప్రసంగాల మొదటి సంపుటం వేసింది 1979లో. వసంత్ మూన్ లాంటివాళ్ళు కూచొని ఒక్కొక్క కాగితం ఏరబట్టి మనకు ఆ సంపుటాలు దక్కాయి. బాబాసాహెబ్‌కే అంత కాలం పడితే, మా పేట తాతకు ఎవరు దిక్కు?

అందుకని మేము నలుగురం పంతుళ్ళం, పై తరగతి పిల్లలు కొందరు కలిసి తాత కథలు వెతికాం. పాత చందాదారుల ఇళ్ళకు పోయాం. గ్రంథాలయాల్లో దుమ్ము దులిపాం. రెండేళ్ళలో తొమ్మిది కథలు దొరికాయి. ఒకదానికింద ఇంటిపేరు తప్పు పడింది. రెండింటికి మారుపేరు ఉంది, కానీ ఆ మారుపేరు తాతదేనని సంపాదకుడి పోస్టుకార్డు సాక్ష్యం పలికింది. పదో కథ పేరు కూడా ఆ కార్డులోనే ఉంది. కథ మాత్రం దొరకలేదు. దాన్ని లెక్కలో పెట్టి, పక్కన "చూడలేదు" అని రాశాం.

తప్పు కూడా చేశాం. ఒక కథకు సంవత్సరం జ్ఞాపకం మీద వేశాం. వేరే జిల్లా నుంచి ఒకాయన ఆ సంచిక చేతిలో పట్టుకొని "పంతులుగారూ, మీరు రెండేళ్ళు ముందుకు జరిపారు" అన్నాడు. సిగ్గేసింది. మనవాడు ముందే రాశాడని చెప్పుకోవాలన్న ఆశ మా చేత ఆ తప్పు చేయించింది. దిద్దుకున్నాం. అబద్ధపు అడంగల్ రాసిన కరణాన్ని తిట్టే నోరు మనది. మన చేత్తో అబద్ధం ఎక్కించకూడదు.

ఇక పని సంగతి. బట్లర్ పేరున్న ఆ రిజిస్టరు ఊహా సాహిత్యానికే. మన వెతల కథలకు అక్కడ చోటు తక్కువ. కానీ తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. వికీడేటా 2012 నుంచి ఉంది. రెండింటిలోనూ ఎవరైనా రాయొచ్చు, ఆధారం చూపాలి. కథల కోసం శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. దొరికిన పత్రిక నకలు వాళ్ళకు పంపితే ఇంకో ఇంట్లో పదిలంగా ఉంటుంది.

అంతకంటే ముందు చేయాల్సింది ఒక నోటుపుస్తకం తెరవడం. పుస్తకం దొరికితే లోపలి పేజీ చూసి పేరు, అచ్చయిన సంవత్సరం, అచ్చు వేసినవాళ్ళు, పేజీలు, వెల రాయండి. పత్రికయితే సంచిక తేదీ, పేజీ నంబరు రాయండి. ఫోనులో అట్ట ఫోటో తీయండి. ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో కింద రాయండి. తెలియంది ఖాళీగా వదలండి. ఖాళీని తర్వాతివాడు నింపుతాడు, తప్పును మాత్రం పదిమంది మోస్తారు.

ఒక్క హెచ్చరిక. బతికున్న రచయిత కులం, ఊరు, ఫోను నంబరు వాళ్ళనడక్కుండా ఎక్కించొద్దు. కులం చెప్పుకొని రాసేవాళ్ళున్నారు, అద్దె ఇల్లు పోతుందని చెప్పనివాళ్ళూ ఉన్నారు. బయటపెట్టుకునే హక్కు వాళ్ళది, మనది కాదు.

పాచిపని చేసిన తల్లి బిడ్డ బట్లర్ పేరు, ఆమె పోయిన పదిహేనేళ్ళకు, 2021లో అంగారక గ్రహం మీద నాసా బండి దిగిన చోటికి పెట్టారు. 1993లో వచ్చిన ఆమె నవల 2020లో అమెరికాలో ఎక్కువ అమ్ముడుపోయే పుస్తకాల జాబితాకెక్కింది. ఇదంతా రిజిస్టరు వల్లేనని మేము అనం, ఆమె రాత బలం అది. కానీ వెతికినవాడికి ఆమె రాత దొరికింది. మనవాళ్ళ రాత కూడా వెతికినవాడికి దొరకాలి.

మొన్న తాత మనవరాలు మా బళ్ళో ఆ తొమ్మిది కథల పేర్లు గట్టిగా చదివింది. చివరికొచ్చి పదోదాని దగ్గర ఆగి, "ఇది నేను వెతుకుతా సార్" అంది.

ఈ రాత్రి ఇళ్ళకు పోయి రేకు పెట్టెలు, అటకలు, దూలం మీద మూటలు దించండి. పాత కాగితాలవాడు రాకముందే దించండి. కనబడింది రాయండి. రాసింది మాకు చూపించండి, మేము రాసింది మీరు చూడండి.

జై భీమ్!