లెక్కలన్నీ సరిగ్గా ఉన్న వాగు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను అమెరికా ఉద్యోగం గురించి మాట్లాడమన్నారు. దాని బదులు శనివారాలు నేను చేసే పని గురించి చెబుతాను. ఉండేది సియాటిల్ దగ్గర. అక్కడ వాగుల్ని పరీక్షించే స్వచ్ఛంద బృందంలో నేనూ ఒకణ్ణి.

మన పులస సముద్రం నుంచి గోదావరికి ఎదురెక్కినట్టే, అక్కడ సాల్మన్ చేప సముద్రంలో పెరిగి, తాను పుట్టిన వాగును వాసనతో గుర్తుపట్టి గుడ్లు పెట్టడానికి తిరిగొస్తుంది. దానికి చల్లని నీరు కావాలి. వేసవిలో 16 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 8 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. అడుగున గులకరాళ్లుండాలి. ఆడచేప తోకతో గుంట చేసి అందులోనే గుడ్లు పెడుతుంది. మెత్తటి బురద పేరుకుంటే గుడ్లకు ఊపిరాడదు. గట్టున నీడనిచ్చే చెట్లు, నీటిలో పడిన దుంగలు, వాటి చాటున మడుగులు ఉండాలి. రాయి తిప్పి చూస్తే మేఫ్లై, స్టోన్‌ఫ్లై పురుగుల పిల్లలు కనబడితే నీరు బాగున్నట్టే లెక్క.

మొదటి ఏడాది ఇవన్నీ కొలిచి, 'వాగు బాగుంది' అని గర్వంగా రాసిచ్చాను. ఆ శరదృతువులో పెద్ద వాన కురిసింది. మర్నాడు వెళ్లేసరికి ఒక కోహో సాల్మన్ నోరు తెరుచుకుని నీటి మీద గిరగిరా తిరుగుతోంది. కాసేపటికి చచ్చిపోయింది. పొట్ట కోసి చూస్తే నిండా గుడ్లు. అంతదూరం వచ్చి ఒక్క గుడ్డయినా పెట్టలేదు. నా లెక్కల్లో తప్పు లేదు. నేను కొలవనిదేదో నీటిలో ఉంది.

అదేమిటో 2020లో శాస్త్రవేత్తలు తేల్చారు. కారు టైర్లు పగుళ్లివ్వకుండా 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుంది. రోడ్డు మీది టైరు పొడితో పాటు వాననీటిలో వాగుకు చేరి కోహోను గంటల్లో చంపుతుంది. ఆ రోజు నేను వాగుకు వెళ్లింది కూడా కారులోనే!

దారి లేకపోలేదు. రోడ్డు నీటిని ఇసుక, కంపోస్టు కలిపిన మట్టిలోంచి వడగట్టి వదిలితే కోహో బతుకుతోందని ప్రయోగాల్లో రుజువైంది. ఇప్పుడు మా బృందం అలాంటి వాన తోటలు తవ్వుతోంది.

ఏడో తరగతిలో మా సైన్సు మాస్టారు మమ్మల్ని బడి వెనక కాలువ గట్టుకు తీసుకెళ్లి, 'ముందు చూడండి, తర్వాత రాయండి' అనేవారు. నేను చూడకముందే రాసేశాను మాస్టారూ, క్షమించండి.

నిన్న ఆ కాలువ చూశాను. మేం ఈత కొట్టిన చోట గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు. మాటలతో సరిపెట్టకుండా థర్మామీటరు, పీహెచ్ పట్టీలు, ఆక్సిజన్ పరీక్ష కిట్టు, ఒక వల, నూరు పేజీల నోటుబుక్కు తెచ్చాను. హెడ్మాస్టరు గారు అనుమతిస్తే తొమ్మిదో తరగతి పిల్లలు నెలకోసారి కాలువను పరీక్షించి అందులో రాస్తారు. మొదటి పేజీ ఖాళీగా ఉంచాను. రేపు పొద్దున ఏడింటికి గట్టు మీద కలుద్దాం. మిత్రులారా, మీరూ రండి.

సెలవు.