లినక్సు పంపిణీలు: నియమమును, మినహాయింపును

(ఒక పట్టణ పఠనమందిరమున జరిగిన సభలో చదువబడిన ఉపన్యాసము)



ఈ సాయంకాలము మేము మీ యెదుట విచారింపబూనిన విషయము చూపునకు మిక్కిలి చిన్నది. కంప్యూటరులో వైఫై పనిచేయుటకు కావలసిన యొక చిన్న ఫైలును లినక్సు పంపిణీదారులు తమ డిస్కులో చేర్పవచ్చునా, చేర్పరాదా యనునదియే యా ప్రశ్న. ఇంతమాత్రమునకు సభ యేల, ఉపన్యాసమేల యని మీలో కొందరనుకొనవచ్చును. అయినను ఈ చిన్న ఫైలును గూర్చి విజ్ఞులైనవారు ఏండ్లతరబడి వాదించుకొనిరి. తుదకొక సంఘము తన మూలశాసనమునే సవరించుకొనెను. చెరువుగట్టు తెగుట యెప్పుడును చిన్న గండితోనే యారంభమగును. అట్లని తూము లేని గట్టు పొలమున కేమియు నుపకరింపదు. ఇచట జరిగినది గండి కొట్టుటయా, తూము పెట్టుటయా యని తేల్చుటయే నేటి మా పని.

ముందుగా మాటను గూర్చి కొంత చెప్పవలెను. ఆంగ్లమున 'ఫ్రీ' యను నొక్క మాటకే ఉచితమనియు, స్వతంత్రమనియు రెండర్థములు గలవు. ఆ భాషవారు ఈ చిక్కును విప్పుకొనజాలక నలువది యేండ్లుగా వివరణలు చెప్పుకొనుచునే యున్నారు. మన తెలుగునకా కష్టము లేదు. సత్రములో పెట్టు భోజనము ఉచితము. తన యింట తన పొయ్యిమీద తనకు నచ్చినది వండుకొనుట స్వేచ్ఛ. వెలలేని సాఫ్టువేరెల్ల స్వేచ్ఛా సాఫ్టువేరు కాదు. ఏ పనికైనను దానిని వాడుకొను హక్కు, దాని మూలమును చదివి మార్చుకొను హక్కు, ప్రతులు పంచిపెట్టు హక్కు, మార్చిన ప్రతులను సైతము పంచిపెట్టు హక్కు - ఈ నాలుగును గలదియే స్వేచ్ఛా సాఫ్టువేరు. మూలమును దాచిపెట్టి యంత్రమునకు మాత్రమే తెలియు రూపము నిచ్చువాడు మన చేతికి తాళము నిచ్చి, తాళపుచెవి తన మొలకు కట్టుకొన్నవాడే యగును.

చరిత్రను సంగ్రహముగ చెప్పెదము. 1983లో రిచర్డు స్టాల్మను గ్నూ ప్రణాళికను ప్రకటించెను. 1989లో జీపీఎల్ అను లైసెన్సు తొలి ప్రతి వెలువడెను. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు కెర్నెలును లోకమునకు విడిచెను. మరుసటి యేడు అదియు ఆ లైసెన్సు క్రిందికే వచ్చెను. కెర్నెలును, వేలకొలది ఇతర ప్రోగ్రాములను ఏర్చి కూర్చి, సామాన్యుడు తన యంత్రములో నెక్కించుకొనుటకు అనువుగ కట్టియిచ్చు మూటనే పంపిణీ యందురు. అట్టి పంపిణీలలో పెద్దదియు, ఏ కంపెనీ సొత్తును కానిదియు డెబియను. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ దీనిని స్థాపించెను. 1997లో ఈ సంఘమువారు 'సామాజిక ఒప్పందము' అను పత్రమును ఆమోదించిరి.

దస్తావేజులు చదువుటయే వృత్తిగాగల మాకు ఈ పత్రము మిక్కిలి ముచ్చట గొలిపినది. మొదటి షరతు: డెబియను సంపూర్ణముగ స్వేచ్ఛాయుతమై యుండును. నాలుగవ షరతు: మాకు ముఖ్యులు మా వాడుకరులును, స్వేచ్ఛా సాఫ్టువేరును. అయిదవ షరతు: మా ప్రమాణములకు సరిపడని ప్రోగ్రాములను వాడువారును ఉందురు గనుక అట్టివానికి వేరొక అర నేర్పరచితిమి, అయినను అవి డెబియనులో భాగములు కావు. చూచితిరా! నాలుగవ షరతులో రెండు ధర్మములను ఒకే త్రాట కట్టిరి. ఆ రెండును ఒక త్రోవనే నడచినంతకాలము బాధ లేదు. అవి చెరియొక వైపునకు లాగిననాడు ఏమి చేయవలెనో పత్రము చెప్పలేదు.

ఆ దినము రానేవచ్చినది. నేటి కంప్యూటరులో ముఖ్యమైన ప్రాసెసరు ఒక్కటే యనుకొనరాదు. వైఫై చిప్పు, గ్రాఫిక్సు చిప్పు, శబ్దము పలికించు చిప్పు - ఇవి యన్నియు తమలో తాము చిన్న కంప్యూటరులే. వానిని నడపు ప్రోగ్రామునే ఫర్మువేరు అందురు. వెనుకటి దినములలో దీనిని చిప్పులోనే శాశ్వతముగ నుంచి యమ్మెడివారు. తరువాత ఖర్చు తగ్గుటకును, దోషములు దిద్దుటకును వీలుగా, యంత్రము మొదలైన ప్రతిసారియు డ్రైవరే ఆ ప్రోగ్రామును చిప్పులోనికి పంపునట్లు చేసిరి. ఈ ఫైలులలో పెక్కింటికి తయారీదారులు మూలము నీయరు. పంచిపెట్టుటకు మాత్రము అనుమతింతురు. డెబియనువారు నియమమును పాటించి, 2011 ఫిబ్రవరిలో విడుదలచేసిన తమ ఆరవ ప్రతిలో కెర్నెలునుండి ఇట్టి ఫైలులను తొలగించిరి. ఫర్మువేరు గల డిస్కులును ఉండెడివి. కాని అవి 'అనధికారికము' లను పేరుతో నొక మూలనుండెడివి. తెలిసినవానికే త్రోవ.

ఈ మాట లిట్లుండ మా యనుభవ మొకటి చెప్పవలసియున్నది. ఇది మా తప్పును ఒప్పుకొనుట గూడ. కొన్ని యేండ్ల క్రిందట మేము స్వచ్ఛంద సేవకులమై ఒక పట్టణములో విద్యార్థులకు లినక్సు నెక్కించియిచ్చు శిబిరము నడిపితిమి. ఉదయమంతయు మేము స్వేచ్ఛను గూర్చి ఉపన్యసించితిమి. మధ్యాహ్నము డిగ్రీ చదువు బాలిక యొకతె చేతులు మారిన ల్యాపుటాపు తెచ్చినది. అధికారిక డిస్కుతో అంతయు చక్కగ నెక్కినది. వైఫై మాత్రము రాలేదు. ఆ యంత్రమునకు తీగతో కలుపు రంధ్రమును లేదు. నెట్టు రావలెనన్న ఫర్మువేరు కావలెను; ఫర్మువేరు రావలెనన్న నెట్టు కావలెను. "సార్, ఇది పాతదే నయమండీ, పాతదే వేసి యిచ్చేయండి" అని యామె మెల్లగ ననెను. మాతోడి సేవకుడొకడు జేబులోనుండి పెన్‌డ్రైవు తీసి, అందలి మూయబడిన ఫైలును గుట్టుచప్పుడు కాకుండ నెక్కించెను. వైఫై వచ్చినది. బాలిక నమస్కరించి వెడలిపోయెను. మేము చూచియు నూరకుంటిమి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఫైలు నెక్కించినందులకు కాదు. ఉదయము ఏ దోషమును గూర్చి గంటసేపు నిందించితిమో, ఆ దోషము గల వస్తువునే సాయంకాలము ఆమెతో నొక్కమాటయైనను చెప్పక ఆమె యంత్రములో నుంచితిమి. తన యంత్రమంతయు స్వేచ్ఛాయుతమేయని ఆమె నేటికిని నమ్ముచుండవచ్చును. కక్షిదారునకు చదివి వినిపింపకయే దస్తావేజుపై వ్రాలు చేయించిన వకీలును మేమెన్నడును క్షమింపలేదు. ఆనాడు మేము చేసినదియు అదియే.

ఇంక ఉభయపక్షముల వాదములను న్యాయముగ వినవలెను. నియమపక్షమువా రనునదేమన, స్వేచ్ఛ పేరు చెప్పు సంఘమే మూసిన ఫైలును చేతులార పంచినచో, తయారీదారునకు మూలము విప్పవలసిన యవసర మేమున్నది? ఒక్కసారి సందిచ్చిన, నేడు వైఫై, రేపు గ్రాఫిక్సు డ్రైవరు, ఎల్లుండి మరియొకటి. ఈ వాదము వట్టిమాట గాదు. ఒక జాతి వైఫై చిప్పుల ఫర్మువేరు మూలమును వాని తయారీదారులు 2013లో విప్పియిచ్చిరి; పట్టుబట్టి యడుగువారు లోకములో నుండుటచేతనే యిట్టివి సాధ్యములు. ట్రిస్కెల్ వంటి పంపిణీలు నేటికిని ఒక్క మూసిన ఫైలునైనను చేర్పక నిలిచియున్నవి.

సౌకర్యపక్షము వారి వాదమును తేలికయైనది కాదు. ఆ ప్రోగ్రామే చిప్పులో శాశ్వతముగ నున్నచో దానిని యంత్రాంగములో భాగమని యెంచి యూరకుందురు. డిస్కుమీద నున్నచో దోషమందురు. వాడుకరి స్వేచ్ఛలో ఈ రెంటికిని భేదమేమి? పైగా డిస్కుమీది దానిని దిద్దుటకైన వీలుండును. ప్రాసెసరులలో భద్రతాదోషములు బయల్పడినపుడు వానిని సరిచేయు ఫైలులు సైతము ఈ జాతిలోనివే. వానిని దూరముగ నుంచిన వాడుకరికి కీడే వాటిల్లును. అన్నిటికంటె మా మనస్సును తాకిన వాదము వేరొకటి. చూపులేనివారు కంప్యూటరు పలుకు మాటలను విని లినక్సు నెక్కించుకొందురు. శబ్దపు చిప్పునకే ఫర్మువేరు లేనిచో యంత్రము మూగవోవును. వారికి మొదటి మెట్టే లేకపోవును. ఎవరి స్వేచ్ఛకొరకై ఈ నియమ మేర్పడినదో, వారినే గుమ్మము బయట నిలుపుట నియమపాలన మగునా?

2022లో డెబియనువారు ఈ ప్రశ్నను సభ్యుల యోటునకు పెట్టిరి. సామాజిక ఒప్పందమును సవరించుటకు సామాన్యమైన ఆధిక్యము చాలదు. ఒకటికి మూడు వంతుల బలము కావలెను. ఆ బలముతోనే అక్టోబరు నెలలో సవరణ నెగ్గినది. అయిదవ షరతునకు ఒక్క వాక్యము చేర్చిరి: ఫర్మువేరు లేనిదే నడవని యంత్రములకొరకు, డెబియనులో భాగము కాని ఫర్మువేరును అధికారిక డిస్కులలో చేర్పవచ్చును. 2023 జూన్ 10వ తేదీన వెలువడిన పండ్రెండవ ప్రతి ఈ సవరణననుసరించి వచ్చినది.

పత్రికలు ఈ మాత్రము వ్రాసి యూరకుండును. తీర్మానపు తక్కిన పంక్తులే మాకు ముఖ్యముగ తోచినవి. ఈ ఫైలులకు ప్రత్యేకముగ నొక అర నేర్పరచిరి. తక్కిన మూసిన ప్రోగ్రాములతో వీనిని కలుపలేదు. యంత్రమునకు అవసరమని తేలిననే యవి యెక్కును. వీలైనంతవరకు యంత్రము మొదలగునపుడే వీనిని వలదను మార్గముండవలెను. ఏయే ఫర్మువేరు నెక్కించితిమో వాడుకరికి తెలియజేయవలెను. ఆ పట్టికను తరువాత చూచుకొనుటకు వీలుగ ఆ యంత్రములోనే భద్రపరుపవలెను. ఆనాటి శిబిరములో మేము చేయని పని యిదియే!

అట్లయిన మూసిన సాఫ్టువేరుతో భయము లేదా? కలదు. లినక్సు కెర్నెలు పనివారు 2002లో బిట్‌కీపర్ అను మూసిన పనిముట్టును తెచ్చుకొనిరి. వెల లేదు, సౌకర్యము మెండు. ఆక్షేపించిన వారిని ఛాందసులనిరి. 2005లో దాని యజమానులు ఆ యుచితపు లైసెన్సును ఉపసంహరించిరి. పని నిలిచిపోవు స్థితిలో టోర్వాల్డ్స్ స్వయముగ గిట్ అను స్వేచ్ఛాపరికరమును వ్రాయవలసివచ్చెను. నేడు లోకమంతయు గిట్‌నే వాడుచున్నది. ఆనాటి ఛాందసులు చెప్పినదే నిజమైనది.

మా కచేరిలోనే మరియొక నిదర్శనము గలదు. దావాలు, అఫిడవిట్లు అచ్చువేయుటకు మేమొక ప్రింటరు కొంటిమి. దానికి మూసిన డ్రైవరే దిక్కు. కొన్నాళ్లకు తయారీదారులు క్రొత్త ప్రతులకు డ్రైవరు నిచ్చుట మానిరి. యంత్రమునకు చిన్న మరయైనను అరుగలేదు; అయినను అది పాత సామానుల కొట్టునకు పోయినది. కొన్నది మేము, ఆయువు తీర్చినది వారు.

కావున మా యభిప్రాయమిది. న్యాయశాస్త్రమున నియమమును విశాలముగను, మినహాయింపును సంకుచితముగను వ్యాఖ్యానించుట పద్ధతి. మూసిన ప్రోగ్రాము నెదుట పెట్టినపుడు నాలుగు ప్రశ్నలడుగవలెను. ఇది లేక యంత్రము నడవదా? దీనికి బదులు స్వేచ్ఛాయుతమైనది లేదా? వాడుకరికి చెప్పితిమా? వలదన్న తీసివేయ వీలున్నదా? ఫర్మువేరు ఈ పరీక్షలో నెగ్గవచ్చును. స్వేచ్ఛాయుతమైన ప్రత్యామ్నాయము చేతిలోనుండగా మెరుగుకొరకు చేర్చు మూసిన ప్రోగ్రాములు నెగ్గజాలవు. చెప్పి తెరచిన తూము తూమే. చెప్పక తెరచినది గండియే. నియమపక్షము వారిని ఛాందసులని వెక్కిరింపవలదు. వారు గట్టుమీద కావలి కాయుటచేతనే మనము తూమును గూర్చి నిశ్చింతగ మాటలాడగలుగుచున్నాము.

ఇందు తెలుగువారికేమి యందురేమో! డెబియనులోని పోతన, వేమన యను తెలుగు ఫాంటులు స్వేచ్ఛా లైసెన్సుతోనే వచ్చినవి. హైదరాబాదులో 'స్వేచ్ఛ' యను పేరనే యొక సంస్థ పుట్టి తెలుగులో కంప్యూటరు పలుకుటకై పాటుపడినది. మూలము తెరచియుండుటచేతనే, ఏ కంపెనీ యనుమతియు లేక మన లిపిని మనము చేర్చుకొనగలిగితిమి. మూసియుండినచో మన లాభనష్టములను వేరొకరు లెక్కవేసి, తెలుగు వలెనో వలదో నిర్ణయించెడివారు.

మిమ్ము మేము కోరునది స్వల్పము. ఈసారి ల్యాపుటాపు కొనునపుడు రంగును, వెలను విచారించినట్లే, దాని వైఫై చిప్పు మూసిన ఫైలు లేక నడచునా యని యొక్కమాట అడుగుడు. దుకాణదారునకు తెలియకపోవచ్చును, పదిమంది యడిగిన తెలిసికొనును. ఇతరుల యంత్రములో ఏదియైన నెక్కించునపుడు ఏమి యెక్కించితిరో కాగితముపై వ్రాసి యిండు. ఆ శిబిరము తరువాత మేము ప్రతి యంత్రముతోను అట్టి చీటి నిచ్చుచున్నాము. ఆ బాలిక కీయవలసిన చీటి మాత్రము ఇంకను మా బాకీగనే యున్నది.