ప్రాత కారు కొనుట: వెలయు, పోషణభారమును



బొల్లారమనగానే సికింద్రాబాదు దండును, రాష్ట్రపతి నిలయమును తలచువారు పెక్కురు. నేను చెప్పబోవునది ఆ బొల్లారము గాదు. సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరువునకు చేరువనున్న పారిశ్రామిక బొల్లారము. ఔషధములు, రసాయనములు చేయు కర్మాగారములు ఇచట వెలసిన పిదప చుట్టుపట్ల పల్లెల యువకుల చేతిలో నెలజీతము ఆడుట మొదలైనది. జీతము కుదురుకొనగానే వారు కోరునది కారు. క్రొత్తది కొనజాలనివారు ప్రాతదానిని వెదకుదురు. బేరమునకు పోవునపుడు తండ్రినో, మేనమామనో వెంటగొని పోవుదురు. ఈ నాలుగు మాటలును ఆ పెద్దలకొరకే.

మాకు యంత్రములు తెలియవని మీరు వెనుదీయవలదు. ఎద్దును కొనుటలో మీకుగల నేర్పు ఇచటను అక్కరకు వచ్చును. కొమ్ములకెంత రంగు పూసినను మీరు పండ్లు చూచి వయస్సు కనుగొందురు, గిట్టలు చూతురు, అరక కట్టి నాలుగు చాళ్లు దున్నించిన గాని బయానా ఇయ్యరు. అన్నింటికంటె ముందు, ఇది ఎంత మేయునని అడుగుదురు. కారు విషయమున మాత్రము ఈ కడపటి ప్రశ్నను అడుగువారు అరుదు.

నా శిష్యుడొకడు ఇచటి ఔషధ కర్మాగారమున పనిచేయుచున్నాడు. అతనికి ఒకే రకపు కార్లు రెండు చూపిరి. రెండును తొమ్మిదేండ్ల వయస్సువి. ఒకటి పెట్రోలుది, రెండవది డీజిలుది. డీజిలుదానికి 60,000 రూపాయలు ఎక్కువ. అది లాగుడు గల బండి, మైలేజీ కూడ ఎక్కువ అని అమ్మువాడు చెప్పెను. ఆ మాట అబద్ధము కాదు. కుఱ్ఱవాని మనసు దానిపైననే నిలిచెను. పాడిబఱ్ఱెనమ్మి ఆ 60,000 నేనిచ్చెదనని తండ్రి అనెను. అపుడు మేము ముగ్గురమును కూర్చుండి లెక్క వేసితిమి.

పెట్రోలు లీటరు 107 రూపాయలనియు, డీజిలు 96 అనియు పెట్టుకొంటిమి. పెట్రోలు బండి లీటరునకు 17 కిలోమీటర్లు, డీజిలుది 21 నడచుననుకొన్నచో, కిలోమీటరునకు మొదటిదానికి 6 రూపాయల 29 పైసలు, రెండవదానికి 4 రూపాయల 57 పైసలు పడును. మిగులు రూపాయి 72 పైసలు. ఈ మిగులుతో 60,000 తిరిగి రావలెనన్న బండి సుమారు 35,000 కిలోమీటర్లు తిరుగవలెను. అతడు నెలకు తిరుగునది 500 మాత్రమే. అనగా సంవత్సరమునకు 6,000. పెట్టిన సొమ్ము చేతికి వచ్చుసరికి దాదాపు ఆరేండ్లు గడచును. సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకే చెల్లును. ఆపైన ఫిట్‌నెస్ పరీక్షకు నిలిపి, రుసుము కట్టి, అయిదేండ్లకొకమాఱు పునరుద్ధరించుకొనవలెను. అనగా లాభము మొదలగు వేళకు బండి గడువే తీరును. ఈ లోపల టర్బోయో, ఇంజెక్టర్లో చెడెనా, ఆ మరమ్మతులో మిగులంతయు కరగిపోవును. బఱ్ఱెను అమ్మలేదు.

ఇందుచేత డీజిలు బండి చెడ్డదని నేననుట లేదు. నెలకు 2,000 కిలోమీటర్లు తిరుగువానికి ఆ 60,000 ఏడాదిన్నరలో తిరిగివచ్చును. అయితే కిరాయికి త్రిప్పుదమనుకొన్నచో పసుపుపచ్చ పలకయు, పర్మిటును వలయును. తెల్ల పలకతో కిరాయి నడుపుట నేరము. మఱియొక మాట. 2020 ఏప్రిలు 1 తర్వాత వచ్చిన డీజిలు కార్లలో పొగమసిని పట్టియుంచు జల్లెడ యొకటి యుండును. బండి దూరము, వేగముగా పోయినపుడే ఆ మసి కాలిపోవును. ఇంటినుండి గేటువఱకు, గేటునుండి ఇంటివఱకు మాత్రమే తిరుగు బండిలో అది పూడుకొనిపోవును.

శక్తి అక్కఱలేదనుటయు తప్పే. అయిదుగురు కూర్చుండి, ఏసీ వేసి, శ్రీశైలము ఘాటెక్కునపుడు మరీ చిన్న ఇంజను ఆయాసపడును. లారీని దాటవలసినచోట ప్రమాదము కూడ. సుల్తాన్‌పూరు వద్ద ఔటరు రింగురోడ్డెక్కినవానికి వేగము పనికివచ్చును. కాని బొల్లారపు వీధులలో ట్యాంకర్ల నడుమ నిలిచిన కారునకు ఎన్ని గుఱ్ఱముల బలమున్ననేమి? అచట దుమ్మునకు ఎయిర్ ఫిల్టరును, గుంతలకు షాకబ్జార్బర్లును గట్టిగానుండుట మేలు.

పెట్రోలు బండ్లకును ఒక చిక్కు కలదు. ఇప్పుడు బంకులలోని పెట్రోలునందు నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు. 2023 ఏప్రిలునకు ముందటి బండ్లలో చాలవఱకు దానికై చేసినవి కావు. మైలేజీ కొంత తగ్గును. రబ్బరు గొట్టములను అప్పుడప్పుడు చూపించుచుండవలెను.

ఇక బండిని చూచుట. 2020 అక్టోబరులో హైదరాబాదునను, 2024 సెప్టెంబరులో విజయవాడయందును వరదలలో కార్లు మునిగినవి. అట్టివి కడిగి, మెఱుగుపెట్టి అమ్మకమునకు వచ్చుట కద్దు. పగటివేళనే చూడుడు. కాళ్లక్రింది తివాచీనెత్తి ముక్కుతో పరీక్షింపుడు. సీటు బోల్టుల త్రుప్పును, దీపముల అద్దములలోని చెమ్మను, సీటుబెల్టును కడదాక లాగి దానికంటిన బురదచారను చూడుడు. నీరు త్రాగిన తీగలు ఏ నాటికైనను చెడును. మీటరు 40,000 చూపుచుండగా పెడలు రబ్బరు అరిగి నున్నబడియున్నచో మీటరును నమ్మవలదు. టైరు ప్రక్కన నాలుగంకెలుండును: 2319 అన్న 2019లో 23వ వారమున చేసినదని అర్థము. నాలుగు టైర్లును ముసలివైన యెడల వాని ఖరీదు వెలలో తగ్గింపుమనుడు. తెలిసిన మెకానిక్కునకు కూలియిచ్చి చూపించుట దుబారా కాదు.

వెల మాట. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లపై జీఎస్టీ 28 నుండి 18 శాతమునకు తగ్గినది. కాబట్టి ప్రాతదానిని బేరమాడుటకు ముందు క్రొత్తదాని నేటి ధర కనుగొనుడు. ప్రాతబండ్ల అప్పులకు వడ్డీయు హెచ్చు. భీమాలో అమ్మువాడు సంపాదించిన నో క్లెయిమ్ బోనసు అతనిదే, మీకు రాదు.

అన్నిటికంటె బరువైనది కాగితముల సంగతి. 2007లో అమ్మిన కారొకటి చేతులు మారుచుపోయెను. రిజిస్ట్రేషను మాత్రము మొదటివాని పేరనే యుండెను. 2009లో ఆ బండి ప్రమాదము చేసెను. పరిహారము ఎవరీయవలెనను వ్యాజ్యము సుప్రీంకోర్టు దాక పోయెను. రిజిస్టరులో పేరున్నవాడే యజమానుడని 2018 ఫిబ్రవరిలో తీర్పు వచ్చెను. రెండేండ్ల క్రితమే అమ్మినవాడు, తాను నడపని బండికి బాధ్యుడాయెను. మీ యింట ప్రాతబండి నమ్మువారున్నను ఇది వినిపింపుడు.

కొనువారు పరివాహన్ యాప్‌లో నంబరు వేయించి, అప్పు తాకట్టు, చలాన్ల బాకీ, భీమా గడువు చూడవలెను. తాకట్టున్నచో బ్యాంకు సంతకముతో ఫారం 35 తెమ్మనవలెను. ఇతర రాష్ట్రపు బండియైనచో అచటి నిరభ్యంతర పత్రమును కోరి, ఇచట మరల కట్టవలసిన జీవితపన్నును ముందే వెలలో కలిపి చూచుకొనవలెను. ఫారములు 29, 30 మీద సంతకములైన పిమ్మటనే తుది సొమ్ము చెల్లింపుడు. ఈ రాష్ట్రపు బండియైనచో అమ్మినవాడు 14 దినములలో, కొన్నవాడు 30 దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. భీమాను మీ పేరునకు మార్పించుకొనుటకు కూడ 14 దినములే గడువు.