మా లాలాగూడా, నా వీలునామా

(ఉస్మానియా క్యాంపస్‌లో స్త్రీల ఆస్తిహక్కుల మీద జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను వీలునామాల గురించి మాట్లాడమన్నారు. నేను లాయర్ని కాను. రైల్వేలో గుమాస్తాగా చేరి, హెడ్ క్లర్కుగా రిటైరయినదాన్ని. ఈ మధ్య నా వీలునామా రాసుకుంటే మా ఇంట్లో చిన్నపాటి యుద్ధమే జరిగింది. ఆ సంగతే చెబుతాను.

మా నాన్న లాలాగూడా వర్క్‌షాప్‌లో ఫిట్టరు. అది 1893లో నిజాం రైల్వే పెట్టిన వర్క్‌షాప్. మా అమ్మకి ఏ మస్టరులోనూ పేరు లేదు. ఇంజన్లు దులిపిన బూడిదలోంచి సగం కాలిన బొగ్గు ఏరుకొచ్చి మా ఆరుగురికీ అన్నం వండేది. చుట్టుపక్కల క్వార్టర్ల ఆడవాళ్ళందరిదీ అదే పని. కొందరు గ్యాంగుల్లో కంకర మోశారు. 1874లో వాడి నుంచి సికిందరాబాదుకి రైలు మార్గం వచ్చిందనీ, 1951లో నిజాం రైల్వే భారత రైల్వేలో కలిసిందనీ, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిందనీ పుస్తకాల్లో చదువుకోవచ్చు. మా అమ్మ బొగ్గు సంగతి ఎక్కడ చదువుతాం?

అందుకే ఉద్యోగం చేసే రోజుల్లో, సెలవు దొరికినప్పుడల్లా టేప్‌రికార్డర్ పట్టుకుని ఆ ఆడవాళ్ళ దగ్గర కూర్చున్నాను. నలభై కేసెట్లు అయ్యాయి. మాట్లాడినవాళ్ళలో చాలామంది పోయారు. టేపులకీ బూజు పడుతోంది.

ఇంగ్లండు దేశంలో, వేల్సులో పాత రైళ్ళని మామూలు జనమే నడుపుకుంటారట. తలిథ్లిన్ అనే చిన్న రైలుమార్గాన్ని 1951లో స్వచ్ఛంద కార్యకర్తలే నిలబెట్టారు. అలాంటివాటికి జనం వీలునామాల్లో ఎంతోకొంత రాసిపోతారని చదివాను. మన దగ్గర అలా కాదు. 1999లో యునెస్కో గుర్తింపు పొందిన డార్జిలింగు రైలైనా, 2005లో పొందిన నీలగిరి రైలైనా సర్కారువే. వాటికి నా రెండు గదుల ఫ్లాటు అక్కర్లేదు. కానీ ఈ కేసెట్లకి ఏ డిపార్టుమెంటూ లేదు. తార్నాకలో నేను జీతం డబ్బుతో, లోనుతో కొనుక్కున్న ఫ్లాటులో సగం విలువ వాటికి ఇవ్వాలనుకున్నాను.

మా అన్న కొడుకు విన్నాడు. "రైలుకి ఆస్తి రాస్తవా అత్తా? రేపు రైలొచ్చి నీకు తలకొరివి పెడతదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మాట బాగుంది కదా. కానీ మా అన్న నవ్వలేదు. "ఆడపిల్ల సొమ్ము పుట్టింటికి రావాలె" అన్నాడు.

అక్కడే అసలు విషయం బయటపడింది. నాకు పిల్లల్లేరు. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోయాడు. అత్తవారు ఆనాటి నుంచీ నా గడప తొక్కలేదు. నేను వీలునామా రాయకుండా పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం నా స్వార్జితం ముందు నా భర్త వారసులకి పోతుంది. వాళ్ళెవరూ లేకపోతేనే పుట్టింటికి. మా అన్నకి ఇది చెబితే నమ్మలేదు, లాయరు దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. 2009లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసే తేల్చింది. పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోతే అత్తవారు వెళ్ళగొట్టిన స్త్రీ ఆమె. పుట్టింటివాళ్ళు చదివించారు, ఉద్యోగం చేసింది. వీలునామా లేకుండా చనిపోతే, ఆమె సంపాదన తల్లికి కాక భర్త అక్కచెల్లెళ్ళ కొడుకులకి దక్కింది. ఆ సెక్షను మారాలని మనం పోరాడాల్సిందే. అది మారేదాకా ఒక తెల్లకాగితం మన చేతిలో ఉంది. పుట్టింటి వాటా కోసం చేసిన చట్టాలు, మన రాష్ట్రంలో 1985 నుంచి వర్తించిందీ, దేశమంతటికీ 2005లో వచ్చిందీ, మీకు తెలుసు. వచ్చిన వాటా మన తర్వాత ఎవరికన్నది మాత్రం మనం మాట్లాడుకోం. చావు మాట ఎత్తడం అపశకునం కదా!

వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు కావాలి. మీరు సంతకమో వేలిముద్రో వేయడం చూసి, లేదా మీరే వేశానని చెబితే విని, మీ ఎదుటే సంతకం చేయాలి. మనకన్నా చిన్నవాళ్ళయితే మేలు, రేపు సాక్ష్యం చెప్పడానికి బతికుండాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, నేను మాత్రం చేయించాను. మనసు మారితే మళ్ళీ రాసుకోవచ్చు. ముస్లిం స్త్రీలు వారసుల సమ్మతి లేకుండా మూడోవంతుకి మించి రాయలేరు. క్రైస్తవులు ధర్మకార్యాలకి రాయడం మీద ఉన్న అడ్డంకిని 2003లో సుప్రీంకోర్టు కొట్టేసింది. బ్యాంకులో నామినీ పేరు రాశాం కదా అనుకోకండి, నామినీ డబ్బు అందుకునే మనిషే గానీ వారసుడు కాడు. ఫ్యామిలీ పెన్షను వీలునామాలో రాసేది కాదు. ఒక రైల్వే ఉద్యోగి తన సోదరుడికి రాస్తే, అది చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది.

నా మొదటి చిత్తులో "రైల్వే వారసత్వ పరిరక్షణకు" అని గొప్పగా రాశాను. లాయరమ్మ చూసి, "ఎవరికండీ? స్టేషను మాస్టరుకా?" అంది. ఎవరికన్నది తేలకపోతే ఆ రాత చెల్లదు. రెండోసారి ఒక సొసైటీ పూర్తి పేరు, రిజిస్టరు నంబరు, దేనికి ఖర్చు పెట్టాలో రాశాను. కేసెట్లని కంప్యూటర్‌కి ఎక్కించడం, మాటలు కాగితం మీద పెట్టడం, అడిగినవాళ్ళకి చూపించడం. ఆ సొసైటీ అప్పటికి లేకపోతే ఎవరికో కూడా రాశాను. రాసేముందు వెళ్ళి, తీసుకుంటారా అని అడిగాను. మొహమాటపడకుండా మీరూ అడగండి. వాళ్ళు నన్ను ముందు అడిగింది డబ్బు గురించి కాదు, మాట్లాడినవాళ్ళ అనుమతి ఉందా అని. సగంమంది దగ్గర తీసుకోనే లేదు. ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి వాళ్ళ కూతుళ్ళని, కోడళ్ళని అడుగుతున్నాను.

మిగతా సగం మా అన్న కూతురికి. అది విన్నాక మేనల్లుడు నాలుగు నెలలు రాలేదు. మొన్న వచ్చాడు. కేసెట్ ప్లేయరు బాగుచేయించి తెచ్చాడు. వాళ్ళ నాయనమ్మ గొంతు ఉన్న కేసెట్ రెండుసార్లు విని, ఏమీ అనకుండా టీ తాగి వెళ్ళాడు.

ఇంకా పదకొండు ఇళ్ళు మిగిలాయి. లాలాగూడా, మెట్టుగూడా తెలిసినవాళ్ళు మీలో ఎవరైనా ఆదివారాలు నాతో వస్తానంటే, మీటింగు అయ్యాక ఆ కిటికీ దగ్గర ఉంటాను.