ఓడినవాడు తీసిన ఫోటో

ధ్రువయాత్రల తొలినాటి ఫోటోల గురించి మాట్లాడమన్నారు. వాటిని తెర మీద వేసి, ఆ మనుషుల సాహసాన్ని పొగిడి కూర్చోవడం సులువు. అది చాలామంది చేశారు. నేను చెప్పదలచింది ఒక్కటే. ఆ ఫోటోల్ని నమ్మాలా వద్దా అన్నది బొమ్మను చూసి తేల్చలేం. తీసిందెవరు, తీసినవాడికి దాని వల్ల ఒరిగేదేమిటి, కింద క్యాప్షన్ రాసిందెవరు, అది మన చేతికి ఏ దారిన వచ్చింది, ఇవన్నీ అడిగాకే దానికి విలువ కట్టాలి. కోర్టులో సాక్షినైనా మనం అడిగేవి ఇవే కదా.

ఉత్తర ధ్రువంతో మొదలుపెడదాం. 1909 ఏప్రిల్ 6న అక్కడికి చేరానని రాబర్ట్ పియరీ ప్రకటించాడు. ఆయన తీసిన ఫోటోలో ఐదుగురు జెండాలు పట్టుకుని మంచు దిబ్బ మీద నిలబడ్డారు. పియరీ సహాయకుడు మాథ్యూ హెన్సన్, ఆయనతోపాటు ఊటా, ఎగింగ్వా, సీగ్లూ, ఊకియా అనే నలుగురు ఇన్యూట్ సహచరులు. చూడటానికి గొప్ప ఫోటో. కానీ అది ధ్రువమని ఏం చూసి చెబుతాం? అక్కడ నేల లేదు, కొండ లేదు, ఉన్నదల్లా సముద్రం మీద తేలే మంచు. మరుసటి ఏడాది ఎవరైనా వెళ్లి వెతుకుదామన్నా ఆ దిబ్బ అక్కడ ఉండదు. సూర్యుణ్ణి కొలిచి అక్షాంశం లెక్కగట్టగల రెండో మనిషి ఆ చివరి మజిలీలో పియరీ వెంట లేడు. ఎనభై ఏళ్ల తర్వాత, 1989లో, నావిగేషన్ నిపుణుల సంస్థ ఒకటి ఆ ఫోటోల్లోని నీడల్ని కొలిచి, పియరీ ధ్రువానికి చాలా దగ్గరికే వెళ్లాడని తేల్చింది. ఆ కొలతల్లో అంత కచ్చితత్వం సాధ్యం కాదని ఇంకొందరు కొట్టిపారేశారు. తగాదా తెగలేదు. ఆ బొమ్మకు దాన్ని తెంచే శక్తి లేదు.

పియరీ కంటే ముందే, 1908లోనే, ధ్రువం చేరానన్న ఫ్రెడరిక్ కుక్ కథ ఇంకా రసవత్తరం. అంతకు ముందు 1906లో అలాస్కాలోని మెకిన్లీ శిఖరం ఎక్కానని చెప్పి, కొనమీద జెండాతో నిలబడ్డ సహచరుడు బారిల్ ఫోటో అచ్చువేశాడాయన. శిఖరం ఎత్తు 20,310 అడుగులు. 1910లో పార్కర్, బ్రౌన్ అనే పర్వతారోహకులు ఆ ఫోటో పట్టుకుని వెళ్లి అందులో కనిపించే రాయినే వెతికి పట్టుకున్నారు. అది శిఖరానికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, అయిదు వేల అడుగుల పైచిలుకు ఎత్తున్న చిన్న గుట్ట. బారిల్ కూడా తాము శిఖరం ఎక్కలేదని 1909లోనే ప్రమాణపత్రం ఇచ్చాడు. అయితే పియరీ పక్షంవాళ్లు డబ్బిచ్చి దాన్ని రాయించారన్న ఆరోపణ ఉంది, కనుక దాన్నీ ఆచితూచి తీసుకోవాలి. ఆ రాయికి మాత్రం ఎవరూ డబ్బివ్వలేదు. గమనించండి, కుక్ ఫోటోలో కల్పన ఏమీ లేదు. ఆ మనిషి నిజం, జెండా నిజం, రాయి నిజం. అబద్ధమంతా క్యాప్షన్‌లో ఉంది.

మరి నమ్మదగిన ఫోటో ఎలా ఉంటుంది? దక్షిణ ధ్రువానికి వెళదాం. నార్వేకు చెందిన అముండ్‌సెన్ బృందం 1911 డిసెంబర్ 14న అక్కడికి చేరింది. తమ గుడారం ముందు జెండాకేసి చూస్తూ నిలబడ్డ ఫోటో తీసుకుంది. అది కూడా పియరీ ఫోటో లాంటిదే. గెలిచానన్నవాడు తన గెలుపును తానే తీసుకున్న బొమ్మ. అయితే ఐదు వారాల తర్వాత, 1912 జనవరిలో, బ్రిటన్‌కు చెందిన స్కాట్ బృందం అక్కడికి వచ్చింది. ముందే ఎవరో వచ్చి వెళ్లారని తెలిసి కుంగిపోయిన ఆ ఐదుగురిలో నలుగురు, అముండ్‌సెన్ వదిలి వెళ్లిన గుడారం పక్కన నిలబడితే బవర్స్ ఫోటో తీశాడు. ఆ గుడారం అక్కడ లేకపోతే బాగుండునని ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా కోరుకున్నవాళ్లు వీళ్లే. అముండ్‌సెన్ ధ్రువానికి వెళ్లాడనడానికి ఆయన తీసుకున్న ఫోటో కంటే, ఓడినవాళ్లు తీసిన ఈ ఫోటోయే గట్టి సాక్ష్యం. తన ప్రయోజనానికి అడ్డొచ్చే మాట చెప్పే సాక్షిని ఎవరు కాదంటారు?

అదే రోజుల్లో తీసిన మరో ఫోటోలో స్కాట్, విల్సన్, ఓట్స్, ఎడ్గార్ ఇవాన్స్‌తోపాటు బవర్స్ కూడా ఉన్నాడు. కెమెరా మీట నొక్కడానికి ఆరో మనిషి లేడు గనుక బవర్స్ దారం కట్టి లాగాడు. పరిశీలనగా చూస్తే ఆ దారం కనిపిస్తుంది. ఈ పని వాళ్లకు నేర్పింది యాత్ర ఫోటోగ్రాఫర్ హెర్బర్ట్ పాంటింగ్. ఐదుగురిలో ఒక్కడూ తిరిగి రాలేదు. 1912 నవంబర్ 12న వెతుకుతూ వెళ్లినవాళ్లకు గుడారంలో మూడు శవాలతోపాటు ఆ ఫిల్మూ దొరికింది. దాన్ని కేప్ ఇవాన్స్‌లోని యాత్ర శిబిరంలో సభ్యుడు డెబెన్‌హామ్ కడిగాడు. తీసినవాడు దాన్ని చూడలేదు, ఏరలేదు, దిద్దలేదు, క్యాప్షన్ రాయలేదు. నా దృష్టిలో దాని విలువంతా ఇందులోనే ఉంది. ఆ ముఖాల్లో ఓటమి కనిపిస్తోందని పుస్తకాలన్నీ రాస్తాయి. నాకు ఇక్కడ కొంచెం అనుమానమే. వాళ్ల చావు సంగతి తెలిసి చూస్తున్నాం కాబట్టి అలా కనిపిస్తుందేమో. అలసిపోయి, చలికి కమిలిన ముఖాలు గెలిచినప్పుడైనా అలాగే ఉంటాయి.

ఇప్పుడు అసలు చిక్కుముడి, ఫ్రాంక్ హర్లీ. షాకిల్టన్ ఎండ్యూరెన్స్ యాత్రకు ఫోటోగ్రాఫర్, నిస్సందేహంగా మహాకళాకారుడు. 1915లో ఎండ్యూరెన్స్ ఓడ మంచులో నలిగి మునుగుతుంటే, చొక్కా విప్పి, మంచుముక్కలు తేలే నీళ్లలోకి దిగి గాజు నెగటివ్‌ల డబ్బాలు పైకి తీశాడు. నవంబర్ 9న ఆయనా షాకిల్టనూ మంచు మీద కూర్చుని ఒక్కొక్క పలకా వెలుగుకు పట్టి చూశారు. దాదాపు 120 ఉంచుకున్నారు. మిగతావి సుమారు 400. వాటిని పక్కన పెట్టలేదు, మనసు మళ్లీ మారకుండా అక్కడికక్కడే పగలగొట్టేశారు. పడవల్లో బరువుకు చోటు లేదు, నిజమే. కానీ ఈ యాత్ర ఖర్చులో కొంత ఫోటోల మీద, సినిమా మీద రాబట్టాలన్న లెక్క బయలుదేరక ముందే ఉంది. కనుక ఏది మిగలాలన్న నిర్ణయంలో ఏది అమ్ముడుపోతుందన్న ఆలోచన లేదనలేం. ఇవాళ మనం ఎండ్యూరెన్స్ యాత్ర అనుకుంటున్నది ఆ ఒక్కరోజు ఏరివేతలో మిగిలిన యాత్ర.

1916 ఏప్రిల్ 24న సహాయం తేవడానికి షాకిల్టన్, బృందమంతా చేరుకున్న ఎలిఫెంట్ దీవి నుంచి చిన్న పడవలో బయలుదేరాడు. ఒడ్డున మిగిలినవాళ్లు చేతులూపారు. హర్లీ ఫోటో తీశాడు. తర్వాత అదే వీడ్కోలు దృశ్యం, ఆగస్టు 30న చిలీ ఓడ వచ్చి వాళ్లను కాపాడిన దృశ్యంగా జనంలోకి వెళ్లింది. నీళ్లలో పడవ, ఒడ్డున చేతులూపే మనుషులు. వెళ్లిపోతున్నవాణ్ణి చూసి ఊపినా, వస్తున్నవాణ్ణి చూసి ఊపినా చెయ్యి ఒకేలా లేస్తుంది. ఆ రెండు రోజుల మధ్య నాలుగు నెలల ఆకలి, చలి, ఎదురుచూపు ఉన్నాయి. క్యాప్షన్ వాటిని మింగేసింది.

హర్లీ రెండు మూడు నెగటివ్‌లు కలిపి ఒకే ఫోటోగా అతికించేవాడు కూడా. ఆయన తరఫున గట్టి వాదనే ఉంది. ఒక్క నెగటివ్‌లో అనుభవమంతా పట్టదు, రెండు మూడు కలిపితేనే చూసింది చూసినట్టు చెప్పగలనని ఆయన పట్టుబట్టాడు. 1917లో యుద్ధరంగంలో ఇలాంటి అతుకుల ఫోటోల మీదే ఆస్ట్రేలియా యుద్ధచరిత్రకారుడు చార్లెస్ బీన్ మండిపడి, అవి నకిలీలన్నాడు. నేను పూర్తిగా బీన్ పక్షం కాను. అతికించడమే తప్పయితే మన ఊళ్లలో స్టూడియోలవాళ్లంతా దోషులే. చనిపోయిన తండ్రి పాత ఫోటోను తల్లి కొత్త ఫోటో పక్కన చేర్చి ఒకే ఫ్రేములో కట్టిస్తాం. దాన్ని ఎవరూ మోసం అనరు, ఎందుకంటే గోడకు తగిలించిన ఇంట్లో అందరికీ సంగతి తెలుసు. హర్లీ ఫోటో చూసినవాళ్లకు సంగతి తెలియదు. నా అభ్యంతరం అక్కడే. ఆయన బొమ్మను కళగా గోడకెక్కించండి, తప్పులేదు. చరిత్ర పుస్తకంలో వేస్తే మాత్రం ఏప్రిల్ 24 అన్న తేదీతోనే వేయాలి.

ఇలా ప్రతిదాన్నీ శంకిస్తే చివరికి మిగిలేదేమిటని అడగవచ్చు. చాలానే మిగులుతుంది. 1897లో బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయలుదేరిన స్వీడన్‌వాడు ఆంద్రే, ఆయన సహచరులిద్దరూ తిరిగి రాలేదు. 33 ఏళ్ల తర్వాత, 1930లో, వైట్ ఐలాండ్‌లో వాళ్ల అవశేషాలతోపాటు ఫిల్మ్ దొరికింది. స్టాక్‌హోమ్‌లో జాన్ హెర్ట్స్‌బర్గ్ అందులోంచి 93 చిత్రాలు రాబట్టాడు. మంచు మీద పక్కకు ఒరిగిన బెలూన్‌ను చూస్తూ ఇద్దరు నిలబడ్డ చిత్రం వాటిలోదే. డైరీలూ దొరికాయి గనుక బొమ్మనూ రాతనూ పక్కపక్కన పెట్టి సరిచూడగలిగారు. 2013లో కేప్ ఇవాన్స్ గుడిసెలో షాకిల్టన్ రాస్ సముద్రం బృందానికి చెందిన 22 నెగటివ్‌లు ఒక ముద్దగా అతుక్కుపోయి బయటపడ్డాయి. క్యాప్షన్లు లేవు. తీసినవాడి పేరూ వాటి మీద లేదు. అయినా వాటిలో కొన్ని ఎక్కడ తీసినవో గుర్తుపట్టగలిగారు. మెక్‌మర్డో జలసంధి చుట్టూ ఉన్న కొండలూ దీవులూ ఇప్పటికీ ఆ ఫోటోల్లో ఉన్నట్టే ఉన్నాయి.